రెండు గదుల మధ్య మోసిన మాట

మా బాబా చేసిన ఉద్యోగం ఏమిటో నాకు తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. బాబా అంటే నన్ను కన్న తండ్రి కాదు. ఒమాన్‌లో ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళం ఇంటి పెద్దాయనను అలాగే పిలుస్తాం. మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఆ ఇంట్లో వంటకు చేరిన కొత్తలో డ్రైవర్‌ను అడిగితే, పెద్దాయన విదేశాంగ శాఖలో చేసి రిటైరయ్యాడని చెప్పాడు. సరే, కోటు వేసుకుని విమానాలెక్కే ఆఫీసరనుకున్నాను. బాబాను అడిగితే మాత్రం వేరే జవాబు వచ్చింది.

"వేరేవాళ్ళ ఇంటికి కాపలా ఉన్నాను," అన్నాడు.

సాయంత్రం నమాజు అయ్యాక ఆయన వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. కోడలికి, అంటే మా మేడంకి, అది నచ్చేది కాదు. పెద్దమనిషికి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే ముందు గదిలో, అంత మంచి సోఫాలుండగా ఈ మసాలా వాసనలో ఏం పని అని ఆమె బాధ. ఆయనకు కబుర్లు చెప్పడానికి మనిషి కావాలి. నాకు వచ్చిన అరబ్బీకి ఆయనకు వచ్చిన హిందీ కలిపి మా ఇద్దరికీ ఒక భాష తయారైంది. వాళ్ళ కాఫీ, కహ్వా పోసిస్తే ఖర్జూరం నములుతూ చెప్పేవాడు.

రెండు దేశాలు కొట్లాడుకుని మాటలు మానేస్తాయట. ఒకరి మనుషులను ఒకరు వెళ్ళగొట్టేస్తారట. మనుషులు విమానమెక్కి పోతారు, సరే. మరి ఎంబసీ భవనం? అందులో తివాచీలు, బయట కార్లు, తోట? ఆ దేశంవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళో ఉంటారు కదా, జైల్లో పడ్డవాళ్ళు, పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్ళు, చచ్చిపోతే శవాన్ని ఇంటికి పంపాల్సినవాళ్ళు? వాళ్ళందరినీ ఎవరు చూస్తారు? అప్పుడు ఇద్దరితోనూ తగాదా లేని మూడో దేశాన్ని పిలుస్తారట. తాళాలు దాని చేతిలో పెడతారు. మా బాబా ఏదో పెద్ద నగరంలో అలా ఇంకో దేశం తాళాలు పట్టుకుని ఏళ్ళకేళ్ళు ఉన్నాడు. తనది కాని తోటకు నీళ్ళు పోయించాడు. తన దేశంవాడు కాని ఖైదీకి సబ్బులు పట్టుకుని జైలుకు పోయాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశాడు.

"మొగుడూ పెళ్ళాం కొట్లాడుకుని ఇల్లు వదిలేసి పోతే, పక్కింటాయన వాళ్ళ కోళ్ళకు గింజలు చల్లినట్టా?" అని అడిగాను.

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "అదే. కోళ్ళతో పాటు వాళ్ళ తిట్లు కూడా మోయాలి. అదే కష్టం."

తిట్ల సంగతి ఆయన నాకు ఒకసారి గట్టిగానే చెప్పాడు. ఇంటికి ప్రహరీ గోడ కడుతున్న రోజులవి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడుండేవాడు. బాబా కొడుకు వచ్చి, గోడ వంకర ఉంది, పైవరస తీసి మళ్ళీ కట్టమన్నాడు. మేస్త్రీ చేతిలో తాపీ నేలకేసి కొట్టి నా వైపు తిరిగాడు. "వీని తలకాయల ఏమన్న ఉన్నదా అక్కా? పొద్దుగాల గిట్లనే కట్టుమన్నడు, ఇప్పుడు కూలగొట్టుమంటుండు. గీ ఎండల ఆయనొచ్చి ఒక్క ఇటుక పెట్టుమను, తెలుస్తది." నేను చేతులు కట్టుకుని అరబ్బీలో, "సార్, ఇంకా బాగా కడతానంటున్నాడు," అన్నాను.

గల్ఫ్‌లో మనవాళ్ళలో భాష మార్చి చెప్పేవాళ్ళం అందరం ఇదే చేస్తాం. సైట్‌లోనైనా, ఇళ్ళల్లోనైనా, ఆస్పత్రిలోనైనా. మనవాడు మన భాషలో కడుపులోదంతా కక్కేస్తాడు, మధ్యలో ఉన్నవాళ్ళం దాన్ని మింగేసి రెండు మెత్తని ముక్కలు అటు పడేస్తాం. మేం మింగుతామనే ధైర్యంతోనే మనవాడు కక్కుతాడు. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, వచ్చిన నెలకే వస్తుంది.

బాబా ఆ రోజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తెలుగు ముక్క రాదాయనకు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "అంత పొడుగు కోపానికి అంత పొట్టి అనువాదమా?" అన్నాడు. "మా పనిలో అయితే నిన్ను ఆ రోజే ఇంటికి పంపేవాళ్ళు. కోపం ఎంత వేడిగా ఉందో అవతలివాడికి తెలియాలి. నువ్వు చల్లార్చి ఇస్తే వాడు మంట లేదనుకుని అందులోనే చెయ్యి పెడతాడు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు."

పెద్దాయన చెప్పాడు కదా అని తలూపాను.

ఇప్పుడు గోదావరి ఆమె సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

పక్క వీధిలో బాబా మేనల్లుడి ఇల్లు. ఆ ఇంట్లో పనికి ఉండేదామె. నాకంటే చిన్నది. నేను కడప వైపుదాన్ని, ఆమెది కోనసీమ. భాషలో యాస వేరైనా తెలుగు తెలుగే కదా. వాళ్ళింటి విందుకు నేను, మా ఇంటి విందుకు ఆమె, కలిసి ఉల్లిపాయలు కోసుకుంటూ కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళం. ఇద్దరికీ ఒక్కొక్క కూతురు. నేను దాన్ని చెల్లెలనుకున్నాను. పాముకు పాలు పోశానని అప్పుడెట్లా తెలుస్తుంది?

నా కూతురికి పెళ్ళై హైదరాబాద్‌లో అద్దింట్లో ఉంటోంది. మొదటి కాన్పు వచ్చింది. తొలి కాన్పు పుట్టింట చేయాలి మనకు. మొగుడు పోయిన నాకు పుట్టిల్లని చూపించడానికి ఇల్లు లేకపోయినా నేనున్నాను కదా, నేనే దాని పుట్టిల్లు. వేన్నీళ్ళు పోయాలి, వెల్లుల్లి కారం కొట్టి అన్నంలో కలిపి పెట్టాలి, పసివాడికి నూనె రాసి కాళ్ళు చేతులు సాగదీయాలి. రెండు నెలలు చుట్టీ, అంటే సెలవు, అడిగితే మేడం ఒప్పుకుంది. టికెట్ కూడా తీశారు. పిల్లకు ఫోన్ చేసి, వస్తాండానమ్మా అని చెప్పుకున్నాను.

ఆ వారంలోనే ఏదో మాటల్లో గోదావరి ఆమెతో అన్నాను, కువైట్‌లో జీతాలు బాగుంటాయంట, పోయినదాన్ని పోయినట్టే అటు మారిపోతే పోలా అని. అందరం అనుకునే మాటే. అన్నం ఉడికేలోపు మర్చిపోయే మాట. మర్నాడు ఆమె వాళ్ళ మేడంకి ఇష్టమైన పాత కహ్వా కూజా చేయి జార్చి పగలగొట్టింది. ఆ మేడం నోరు మంచిది కాదు. ఆ తిట్ల నుంచి తప్పించుకోవడానికి ఈ మహాతల్లి నా మాటను అడ్డం వేసింది. "మేడం, మీకో సంగతి చెప్పాలి, వాళ్ళింటి వంటామె పోతే ఇంక తిరిగి రాదట, కువైట్‌కు పోతుందట," అని. కూజా మర్చిపోయి ఆ మేడం మా మేడంకి ఫోన్ కొట్టింది. సాయంత్రానికల్లా నా టికెట్ రద్దు.

నేను మా మేడం కాళ్ళ దగ్గర కూర్చుని తప్పకుండా వస్తానని ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పాను. మీ ఉప్పు తిన్నదాన్ని, మీ ఇల్లే నా ఇల్లు అన్నాను. నా కూతురు నన్ను అడుగుతోందని, ఈ ఒక్కసారి పంపకపోతే చచ్చేదాకా మిమ్మల్ని క్షమించనని అనలేదు. మింగాను. పరుల మాటలు మింగి మింగి అలవాటైన నోరు కదా, నా మాట కూడా మింగింది.

బాబా దగ్గరకు పోయి ఏడ్చాను. దేశాల మధ్య మాట మోసిన మనిషి, నా ఒక్క మాట మోయలేడా అని. ఆయన ఖర్జూరం గింజ చేతిలో తిప్పుతూ, "ఇది కోడలి వ్యవహారం. నేను ఎవరి వైపూ కాదు," అన్నాడు. ఎవరి వైపూ కాకపోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. గెలిచేవాళ్ళ వైపు ఉండి చేతులు శుభ్రంగా ఉంచుకోవడం. ఆయన మీద కోపం ఇంకా పోలేదు నాకు.

నా కూతురు ఆస్పత్రిలో కని, మూడో రోజున అద్దింటికి వచ్చి, తన నీళ్ళు తనే కాచుకుంది. అత్తగారు వచ్చి, మీ అమ్మకు డబ్బు ముందా నువ్వు ముందా అని అడిగిందట. ఆ మాట ఫోన్‌లో చెప్తూ నా బిడ్డ ఏడవలేదు. అది ఏడ్చినా నాకు అంత మంట ఉండేది కాదు.

గోదావరి ఆమెతో ఆ రోజు నుంచి మాట బంద్. విందుల్లో ఎదురుపడితే నేను ముఖం తిప్పుకునేదాన్ని. అది మాత్రం "అక్కా, అక్కా" అని వెంటపడేది. చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. దానికీ ఒక కూతురుంది, దానికీ ఒక తొలి కాన్పు వస్తుంది అనుకున్నాను. రోటికాడ కారం దంచినా ఇదే ఆలోచన, చపాతీలు ఒత్తినా ఇదే ఆలోచన. ఎవరేమనుకున్నా సరే, ఆ ఆలోచన నాకు హాయిగా ఉండేది.

వచ్చింది. సరిగ్గా రంజాన్ ముందు వచ్చింది.

ఆ రోజుల్లోనే మస్కట్‌లో ఏవో రెండు దేశాలవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడరట. రెండు గదుల్లో కూర్చుంటే ఒమాన్ వాళ్ళు మధ్యలో తిరుగుతూ కబుర్లు మోస్తున్నారు. బాబా టీవీ ముందు నుంచి లేవడం లేదు. అలాంటి సాయంత్రం మేనల్లుడు వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళింటి పనామె గది తలుపు వేసుకుందట, డ్యూటీ చేయదట. కూతురికి తొమ్మిదో నెల, వెంటనే పంపమంటోంది. మేడం ఏమో రంజాన్ అయ్యాకే అంటోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, ఇంట్లో వంట లేదు.

బాబా టీవీ ఆపేశాడు. ఆయన కళ్ళల్లో వెలుగు చూడాలి. పాత ఉద్యోగం ఇంటికి నడిచొచ్చింది.

"నేను మధ్యలో ఉంటాను," అన్నాడు. "ఆమెకు అరబ్బీ అంతంతమాత్రం. నువ్వు నా నాలుకవు. గుర్తుంది కదా, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు."

"గుర్తుంది బాబా," అన్నాను. ఆయనకు నా కడుపులోది తెలియదు. ఒట్టేసి చెప్తున్నాను, ఒక్క అబద్ధం కూడా చెప్పదల్చుకోలేదు నేను. ఆ ఆడదాని నోరు నాకు తెలుసు. నేను మింగకుండా ఉంటే చాలు.

మేనల్లుడి ఇంటికి పోయేసరికి వాళ్ళ మేడం పైన హాల్లో కూర్చుని ఉంది. ముందు ఆమె మాట తీసుకున్నాం. "రెండు నెలల్లో తిరిగి వస్తానని ప్రమాణం చేస్తే పంపే విషయం ఆలోచిస్తాను. మోసం చేస్తే మాత్రం చూసుకుంటాను." అది పట్టుకుని కిందికి దిగి, బట్టలుతికే గది పక్కనున్న దాని గది తలుపు తట్టాం. నన్ను చూడగానే దాని ముఖం పాలిపోయింది. మేడం చెప్పినది తెలుగులో చెప్పాను, చూసుకుంటానన్న బెదిరింపుతో సహా. తెలుగు చెవిన పడిందో లేదో, కట్ట తెగింది.

"వచ్చేస్తానని చెప్పెయ్యక్కా. రెణ్ణెల్లకి వచ్చేస్తానని దేవుడి మీద ఒట్టేసిందని చెప్పెయ్. ఒక్కసారి ఇమానం ఎక్కానంటే మళ్ళీ ఈ నరకంలో అడుగెడతానా? ఆవిడ మొకం మళ్ళీ చూస్తానా? గిన్నెకున్న ఇలవ మడిసికి లేదు ఈ ఇంట్లో. నువ్వు మాత్రం వస్తానందని చెప్పు, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

నేను గొంతు సవరించుకుని బాబా వైపు తిరిగాను. ఆ క్షణం కోసం ఎన్నాళ్ళు కాచుకున్నానో నాకే తెలుసు.

"ఆమె ఇలా అంటోంది బాబా. వస్తానని చెప్పు. రెండు నెలలకు వస్తానని దేవుడి మీద ఒట్టు వేసిందని చెప్పు. ఒక్కసారి విమానం ఎక్కితే మళ్ళీ ఈ జహన్నంలో అడుగుపెడతానా? ఆమె ముఖం మళ్ళీ చూస్తానా?" గిన్నె మాట కూడా చెప్పాను. కాళ్ళకు దండం మాట కూడా చెప్పాను. ఏ ముక్కా వదల్లేదు.

జహన్నం అన్న మాట దానికి తెలుసు. హిందీవాళ్ళూ అంటారు, అరబ్బీవాళ్ళూ అంటారు. ఆ మాట వినగానే గోడకు ఆనుకుంది.

"ఇదంతా ఆమెదేనా? నీది ఏమైనా కలిసిందా?" బాబా అడిగాడు.

"ఒక్క ముక్క కూడా నాది కాదు బాబా."

ఆయన తలూపి మెట్ల వైపు నడిచాడు. అది నా చెయ్యి పట్టుకుంది. "ఏంటక్కా అలా చెప్పేశావేంటి? మనలో మనం అనుకునేది అది."

"నా కువైట్ మాట గూడా మనలో మనం అనుకునేదే," అన్నాను. "నువ్వేం చెప్తే అదే చెప్పినా. ఇంగేం కావాల నీకు?"

అది చెయ్యి వదిలేసింది. నా కడుపు చల్లబడింది. ఏడాదికి పైగా మండిన మంట, ఒక చెంబు నీళ్ళు కుమ్మరించినట్టు చల్లబడింది. పాపం అనిపించలేదా అంటే, లేదు.

పైకి ఎక్కేటప్పుడు నా అవసరం ఏమీ లేదు, అక్కడ ఇద్దరిదీ అరబ్బీయే. అయినా పోయాను. వినాలి కదా. బాబా నిలబడి, ఎండలో ఆరేసిన బట్ట దులిపినట్టు, ఉన్నదంతా ఆ మేడం ముందు దులిపాడు. నరకం, ముఖం, గిన్నె, దొంగ ఒట్టు. ఆమె వింటూ వింటూ ఎర్రబడింది. నేను తలుపు పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాను. ఇంకేముంది, రంజాన్ అయినా పంపదు, వచ్చే రంజాన్‌కైనా పంపదు.

ఆమె లేచి నిలబడింది. "నా ఇల్లు నరకమా? నరకంలో ఉండమని నేను బతిమాలుకుంటానా? ఆ మనిషి చేతి నీళ్ళు నాకొద్దు. ఖలాస్. ఈ వారంలోనే పంపేయండి. వీసా రద్దు చేయండి, టికెట్ మేమే తీస్తాం. ఏజెన్సీకి చెప్పి రంజాన్‌కు కొత్త మనిషిని తెచ్చుకుంటాను."

"మంచిది," అన్నాడు బాబా.

మెట్లు దిగుతూ ఆయన గొంతులో సంతోషం దాగలేదు. "చూశావా? ఒట్టు వేసిందని చక్కెర కలిపి చెప్పి ఉంటే నా మేనల్లుడి భార్య నమ్మేది కాదు. వస్తుందా రాదా అని అనుమానపడుతూ ఆపేసేది. తిరిగి రాదని తెలిశాక ఇంక ఆపడానికి ఏముంది? ఉన్నది ఉన్నట్టు వెళితేనే పని అవుతుంది. బాగా చేశావు."

మా మేడం కాళ్ళ దగ్గర నేను పోసిన చక్కెరంతా గుర్తొచ్చింది. నా కూతురు తన నీళ్ళు తనే కాచుకున్నది నా మెత్తని మాటల వల్లనా? ఈయనకు ఇంత తెలిసినప్పుడు ఆ రోజు నాకెందుకు చెప్పలేదు? ఎవరి వైపూ కాదు కదా ఆయన.

గది ముందు ఆగి, "చెప్పు," అన్నాడు.

చెప్పాలి. నేనే చెప్పాలి, నా నోటితో. బాబాకు తెలుగు రాదు. పంపరంటలేవే అని అనేయొచ్చు. ఒక్క రాత్రి, కనీసం ఒక్క రాత్రి దాన్ని కుళ్ళబెట్టొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా. అది మంచం అంచున కూర్చుని, కొట్టబోతే దెబ్బ కాచుకునే పిల్లలా భుజాలు దగ్గరికి లాక్కుని నా నోటివైపే చూస్తోంది.

"నీ చేతి నీళ్ళు ఆమెకొద్దంట. ఈ వారంలోనే నిన్ను ఇంటికి పంపిస్తారంట. వీసా రద్దంట. టికెట్ వాళ్ళే తీస్తారంట," అన్నాను.

అది మంచం మీంచి జారి నేల మీద కూర్చుని నా మోకాళ్ళు చుట్టేసుకుంది. "అక్కా, నా మాట ఉన్నదున్నట్టు చెప్పావు. ఇన్నేళ్ళలో ఎవరూ అలా చెప్పలేదక్కా. అందుకే ఆవిడ నన్నొదిలేసింది. నువ్వు లోపల ఎంత ఆలోచించి చెప్పావో నేను కనిపెట్టలేకపోయాను. నిన్ను తప్పుగా అనుకున్నాను."

కాళ్ళు విడిపించుకోవాలని చూశాను, వదల్లేదు. నేను నీ కొంప ముంచడానికే చెప్పినానే అని అరవాలనిపించింది. అరిచినా నమ్మే స్థితిలో లేదది.

"నీకు నేను చేసిన దానికి దేవుడు నన్ను ఏం చేసినా సరిపోదు," అంది ముక్కు తుడుచుకుంటూ. "నా ఇమానం హైదరాబాద్‌లోనే దిగుద్ది. మీ పాప ఇంటి అడ్రస్ ఇయ్యక్కా. ముందు అక్కడికే ఎల్తాను. నీ మనవణ్ణి ఎత్తుకుని ఈడియో కాల్ చేత్తాను. నీ బదులు వాడికి ఒక్కసారి నీళ్ళు పోసి ఎల్తాను."

"ఏమంటోంది?" బాబా అడిగాడు.

"నా మనవడిని నాకంటే ముందు తను ఎత్తుకుంటుందట," అన్నాను.

బాబా మెట్ల వైపు తిరిగాడు.

అడ్రస్ ఇవ్వలేదు నేను. పోయే రోజు డ్రైవర్ చేత మళ్ళీ అడిగించింది. తెలియదని చెప్పించాను. దానికి ఆడపిల్ల పుట్టిందని, తల్లీపిల్లా క్షేమమని ఫోటో పంపింది. తెరవకుండానే తీసేశాను. మా మేడంని చుట్టీ అడగడానికి నాలుగైదుసార్లు హాలు గుమ్మం దాకా పోయాను. ప్రతిసారీ ఆమె తలెత్తి ఏమిటని అడుగుతుంది, నేను టీ కావాలా మేడం అని అడుగుతాను. మొన్న నా కూతురు ఫోన్ చేసింది. పిల్లవాడు గోడ పట్టుకోకుండా నడుస్తున్నాడట.